మాయాబజార్‌లో శశిరేఖ లావుగా కనిపిస్తుంటే

ఘటోత్కచుడు సరే, శశిరేఖ కూడా లావైపోయిందన్నారు కదండీ, తప్పు సినిమాది కాదు. 1957 నాటి ఆ బొమ్మ దాదాపు 4:3 కొలత, అంటే వెడల్పు 4 పాళ్లయితే ఎత్తు 3; మీ టీవీ 16:9. అడ్డంగా సాగదీస్తే మనిషి మూడోవంతు వెడల్పెక్కుతాడు. సెట్టింగ్స్‌లో పిక్చర్ సైజ్‌కి వెళ్లి 4:3 పెట్టండి. పక్కన నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. జూమ్ మాత్రం వద్దు: పైనా కిందా కలిపి పావువంతు బొమ్మ పోతుంది, కిరీటాలు తెగుతాయి.

పట్టీలు ముందే ఉన్న వీడియోకి 4:3 పెడితే అందరూ బక్కచిక్కిపోతారు, అప్పుడు 16:9 లోనే ఉంచండి.

2010 రంగుల ప్రింటు వెడల్పు తెరకి మార్చింది, కోతపడిన బొమ్మని ఏ సెట్టింగూ తిరిగి తేలేదు. నలుపు తెలుపుదే వెతకండి. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ తీసిన వెన్నెల అందం అందులోనే.