ఇంట్లో ఫ్యూజర్ కడతానంటున్న అబ్బాయికి ఏ చదువు నప్పుతుంది?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. కేంద్రక సంలీనం, ప్రత్యామ్నాయ ఇంధనాల గురించి దేశవిదేశాల ఔత్సాహికులతో చర్చిస్తూ సాయంత్రాలన్నీ గడిపేస్తున్నాడు. ఇంట్లోనే ఫ్యూజర్ అనే పరికరం కడతాననీ, పాత మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చిపెట్టమనీ అడుగుతున్నాడు. జేఈఈ శిక్షణ దండగంటున్నాడు. ఈ రంగంలో నిజంగా భవిష్యత్తు ఉందా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందుగా ట్రాన్స్‌ఫార్మర్ సంగతి. దాన్ని కొనివ్వకండి. మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ సుమారు రెండు వేల వోల్టులను, గుండెను ఆపేయగలంత విద్యుత్ ప్రవాహంతో ఇస్తుంది. ఆ ఓవెన్‌లోని కెపాసిటర్ ప్లగ్గు పీకిన తరువాత కూడా విద్యుదావేశాన్ని నిలుపుకొని ఉండవచ్చు. ఇక ఫ్యూజర్ అంటే తేలికైన పరమాణు కేంద్రకాలను ఢీకొట్టించి కలిపే, అంటే సంలీనం చేసే చిన్న పరికరం. దానిలో సంలీనం జరగాలంటే ఇరవై, ముప్పై వేల వోల్టులు కావాలి. ఆ స్థాయిలో ఎలక్ట్రాన్లు పరికరంలోని లోహపు గది గోడలను తాకి ఎక్స్ కిరణాలను పుట్టిస్తాయి, అవి ఆ గదికి ఉండే గాజు కిటికీ గుండా బయటికి వస్తాయి. సంలీనం మొదలైతే న్యూట్రాన్లు కూడా వెలువడతాయి. రేడియేషన్ వెలువరించే పరికరాలకు మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి. అందులో వాడే డ్యుటీరియం, అంటే బరువైన రకం హైడ్రోజన్, కూడా బజారు సరుకు కాదు. దానికి మూలమైన భారజలం మీ పక్క జిల్లాలోని మణుగూరులోనే తయారవుతున్నా, అది ప్రభుత్వ నియంత్రణలో ఉండే పదార్థం. కాబట్టి ఈ విషయంలో అబ్బాయితో బేరమాడవలసిన అవసరం లేదు.

అయితే అతను గాలిమేడలు కడుతున్నాడని మాత్రం అనుకోకండి. టెలివిజన్ ఆవిష్కర్తల్లో ఒకరైన ఫైలో ఫార్న్స్‌వర్త్ 1960లలో ఫ్యూజర్‌ను రూపొందించగా, రాబర్ట్ హిర్ష్ దాన్ని మెరుగుపరిచారు. శూన్యం చేసిన లోహపు గది మధ్యలో తీగలతో అల్లిన చిన్న గోళాన్ని ఉంచి దానికి అధిక రుణ వోల్టేజీ ఇస్తే, డ్యుటీరియం అయాన్లు (విద్యుదావేశం పొందిన పరమాణువులు) లోపలికి దూసుకువచ్చి ఢీకొంటాయి. వాటిలో అతికొద్ది జంటలు కలిసిపోతాయి. అమెరికాలో కొందరు ఔత్సాహికులు దీన్ని నిజంగానే సాధించారు. టేలర్ విల్సన్ అనే కుర్రవాడు 2008లో పద్నాలుగేళ్ల వయసులో చేసి చూపించాడు. అంటే ఇంటి గ్యారేజీలో సంలీనం సాధ్యమే. సాధ్యం కానిది దానినుంచి కరెంటు తీయడం.

ఈ తేడాను మీరు గానీ నేను గానీ అబ్బాయికి ఉపదేశించడం కన్నా, అతనే లెక్క కట్టి తెలుసుకోవడం మేలు. ఔత్సాహికుల ఫ్యూజర్ సెకనుకు పది లక్షల న్యూట్రాన్లను ఇస్తే మంచి ఫలితంగానే చెప్పుకుంటారు. డ్యుటీరియం సంలీనం రెండు దారుల్లో, దాదాపు సమాన అవకాశంతో జరుగుతుంది: ఒకదానిలో 3.27, మరొకదానిలో 4.03 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి విడుదలవుతుంది, మొదటి దారిలోనే న్యూట్రాన్ వస్తుంది. కనుక ఒక్కో న్యూట్రాన్‌కు మొత్తం 7.3 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు వెలువడ్డాయని తీసుకోవచ్చు. దాన్ని జౌళ్లలోకి మార్చి పది లక్షలతో గుణిస్తే వచ్చేది సుమారు 1.2 మైక్రోవాట్లు. ముప్పై వేల వోల్టుల వద్ద పది మిల్లీ ఆంపియర్లు పంపితే లోపలికి వెళ్లింది మూడు వందల వాట్లు. పెట్టిన శక్తి రాబడికి దాదాపు 25 కోట్ల రెట్లు ఉందన్నమాట. ఈ లెక్కకు ఇంటర్ భౌతికశాస్త్రం చాలు. దీన్ని తనంతట తాను చేసి, ఆ తేడా ఎందుకు వస్తోందని మీ అబ్బాయి అడిగితే, అయాన్లు కలిసిపోవడం కంటే ఒకదాన్నొకటి పక్కకు నెట్టేసుకోవడమే ఎన్నో రెట్లు ఎక్కువనీ, తీగల గోళం కూడా చాలా అయాన్లను మింగేస్తుందనీ నేర్చుకుంటాడు. 1995లో టాడ్ రైడర్ ఎంఐటీలో సమర్పించిన పరిశోధన గ్రంథం ఈ తరహా పద్ధతుల మౌలిక పరిమితులనే చర్చించింది. అది చదివి అర్థం చేసుకోవడానికి మాత్రం ఎమ్మెస్సీ దాకా ఆగాలి.

నేను గమనించినంతలో ఈ ఔత్సాహికులు రెండు రకాలు. న్యూట్రాన్లను లెక్కపెట్టి, కొలతలో పొరపాటు ఎంత ఉండవచ్చో కూడా చెప్పేవారు మొదటి రకం. తమ ఆవిష్కరణను పెద్ద సంస్థలు తొక్కిపెట్టాయని చెప్పేవారు రెండో రకం. 1989 మార్చిలో యూటా విశ్వవిద్యాలయంలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే రసాయన శాస్త్రవేత్తలు శీతల సంలీనాన్ని, అంటే గది ఉష్ణోగ్రత దగ్గరే జరిగే సంలీనాన్ని ప్రకటించినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది, ఎన్నో ప్రయోగశాలలు దాన్ని తిరిగి చేసి చూసినా నమ్మదగ్గ ఫలితం రాలేదు. మీ అబ్బాయి ఎవరి మాటలు ఎక్కువగా వింటున్నాడో కనుక్కోండి. నిజమైన విజయాలను చదివేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. 2022 డిసెంబరులో అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ అనే లేజర్ సంలీన ప్రయోగశాల 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తితో 3.15 మెగాజౌళ్ల సంలీన శక్తిని పొందింది, ఇది చరిత్రాత్మకమే, కానీ ఆ లేజర్లను నడపడానికి సుమారు మూడు వందల మెగాజౌళ్ల విద్యుత్తు ఖర్చయింది.

ఇక ఉద్యోగాల మాట. మన దేశంలో ఈ రంగానికి కేంద్రం గాంధీనగర్ సమీపంలోని ప్లాస్మా పరిశోధన సంస్థ, అంటే ఐపీఆర్. ఆదిత్య అనే టోకమాక్ (అతివేడి ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో బంధించే యంత్రం) అక్కడ 1989లోనే పనిచేయడం ప్రారంభించింది. ఫ్రాన్స్‌లో నిర్మాణంలో ఉన్న ఐటర్ అనే అంతర్జాతీయ సంలీన ప్రాజెక్టులో భారత్ భాగస్వామి. దాని మహా క్రయోస్టాట్‌ను, అంటే యంత్రాన్ని అతిశీతలంగా ఉంచే శూన్యపు పాత్రను, ఎల్ అండ్ టీ సంస్థ గుజరాత్‌లోని హజీరాలో తయారుచేసింది. ఇలాంటి ప్రాజెక్టుల్లో పనిచేసేవారిలో అధికులు కాగితం మీద సమీకరణాలు రాసేవారు కాదు. శూన్య వ్యవస్థలు, అతిశీతల సాంకేతికత, అతివాహక అయస్కాంతాలు, అధిక వోల్టేజీ సరఫరా, రేడియో తరంగాలతో వేడిచేయడం, న్యూట్రాన్లను తట్టుకునే లోహాలు, కంప్యూటర్ అనుకరణ, ఇవీ అక్కడి పనులు. అందుచేత ఎలక్ట్రికల్, మెకానికల్, మెటలర్జీ, చివరికి కంప్యూటర్ సైన్స్ చదివినా ఈ రంగం తలుపు మూసుకుపోదు. బీటెక్ దశలోనే పూర్తిగా న్యూక్లియర్ కోర్సులోకి వెళ్లమని నేను చెప్పను, ఎందుకంటే ఆసక్తి మారితే వెనక్కి రావడం కష్టం.

భౌతికశాస్త్రమే ప్రాణం అనుకుంటే తిరుపతితో సహా ఐసర్ అనే విజ్ఞానశాస్త్ర విద్యా సంస్థలకు ఐఏటీ, భువనేశ్వర్‌లోని అదే తరహా సంస్థ నైసర్‌కు నెస్ట్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. అనంతరం జెస్ట్, గేట్ వంటి పరీక్షల ద్వారా పీహెచ్‌డీకి వెళ్లవచ్చు. ఇంజినీరింగ్ అయితే గేట్ ద్వారా భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) శిక్షణ కార్యక్రమం కూడా ఒక దారి. ఈ ప్రవేశ పరీక్షలన్నిటికీ ఇంటర్ గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం పునాది కనుక జేఈఈ శిక్షణ దండగన్న మాట నిలవదు. ఐటర్ ప్రస్తుత ప్రణాళిక ప్రకారం అందులో డ్యుటీరియం, ట్రిటియం (ఇంకా బరువైన రకం హైడ్రోజన్) కలిపి చేసే ప్రయోగాలు 2039లో మొదలవుతాయి. అప్పటికి మీ అబ్బాయి ముప్పై ఏళ్ల దరిదాపులో ఉంటాడు. అంటే చదువు నెమ్మదిగా సాగినా అతనికి కొంప మునిగేదేమీ లేదు. ఇంటి ఆర్థిక పరిస్థితి దృష్ట్యా త్వరగా సంపాదన అవసరమైతే మాత్రం ఆ విషయం అతనికి దాచకుండా చెప్పండి, అప్పుడు ఇంజినీరింగ్ దారే మంచిది.

ట్రాన్స్‌ఫార్మర్‌కు బదులు ఏమివ్వాలని మీరు అడగవచ్చు. పైథాన్ నేర్చుకుని, అయస్కాంత క్షేత్రంలో ఆవేశిత కణం మెలికలు తిరిగే మార్గాన్ని కంప్యూటర్ మీద గీయమనండి. అది టోకమాక్ అర్థమయ్యేందుకు తొలి మెట్టు. పాత సీడీ ముక్కతో వర్ణపటదర్శిని (వెలుగును రంగులుగా విడదీసి చూపే సాధనం) చేసి, ట్యూబులైటు వెలుగులోని గీతలను కొలవమనండి, కానీ సూర్యుడి వైపు మాత్రం తిప్పనివ్వకండి. అల్ప పీడనంలో వాయువు వెలగడం చూడాలన్న కోరిక తీరకపోతే, కళాశాలలో డిశ్చార్జి ట్యూబు ఉందేమో భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణి అడిగి, ఆయన పర్యవేక్షణలోనే చేయించండి. తీసుకున్న ప్రతి కొలతనూ తేదీతో సహా నోటుపుస్తకంలో రాయించండి; పరిశోధన సంస్థల ఇంటర్వ్యూల్లో చేసిన పని గురించి అడిగినప్పుడు అది పనికివస్తుంది.