జనవరిలో కేదార్‌కంఠ ఎక్కే ముందు

చిన్నా,

నువ్వు ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ శిఖరం ఎక్కడానికి వెళ్తున్నావని తెలిసి మీ అమ్మ నాకు ఫోన్ చేసి, మామయ్య చెబితే వింటాడు, వద్దని చెప్పమంది. నేను వద్దనను, వెళ్లు. కానీ అందరూ ఈజీ ట్రెక్ అంటున్నారని తేలిగ్గా తీసుకోకు. ఎండ కాసిన రోజున ఆ మాట నిజమే, 12,500 అడుగుల ఎత్తున మంచు కురుస్తూ గాలి లేచిందంటే మాత్రం పక్కన నడిచే మనిషి కూడా కనపడడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. శిఖరానికి బయల్దేరే ముందు రాత్రి, టెంట్‌లో ఉండగానే, వెనక్కి తిరిగే టైం గైడ్‌తో మాట్లాడి ఖాయం చేసుకో. పది అనుకుంటే పదే, శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా సరే. ఎండెక్కాక మంచు మెత్తబడి కాలు మోకాలి దాకా దిగబడుతుంది, మధ్యాహ్నానికి మబ్బు కమ్మేయొచ్చు, పైగా ఒంట్లో ఓపికంతా ఎక్కడానికే అయిపోయి ఉంటుంది, జారిపడేది ఎక్కువగా దిగేటప్పుడే. ఇంత దూరం వచ్చాం కదా అని అక్కడ నిలబడి తీసుకునే నిర్ణయాన్ని నేను అస్సలు నమ్మను.

రాత్రంతా మంచు దట్టంగా పడితే, తెల్లారి ఆకాశం ఎంత నీలంగా ఉన్నా నిటారు వాలుల జోలికి పోవద్దు. కొత్త మంచు పాత పొర మీద ఇంకా కుదురుకోదు, ఒక్కసారిగా జారి వచ్చేస్తుంది. గైడ్ ఇవాళ వద్దంటే డబ్బులు కట్టామని గొడవపడకు.

జీన్స్, కాటన్ బనీన్లు ఇంట్లోనే వదిలెయ్. కాటన్ చెమటకి తడిస్తే ఆరదు, ఆగిన కాసేపటికే వణుకు పుడుతుంది. కాబట్టి చెమట పట్టకుండా నడక మొదలుపెట్టేటప్పుడు జాకెట్ తీసేయ్, కొంచెం చలేసినా పర్లేదు, ఆగగానే వేసుకో. గ్లవ్స్ రెండు జతలు. నీళ్ల సీసా మూత బిగించి తలకిందులుగా పెట్టు, నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర పట్టేయకుండా ఉంటుంది. హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో నీ పక్కనే ఉండాలి. కాలిగోళ్లు ముందే కత్తిరించుకో, దిగేటప్పుడు బూటుకి కొట్టుకుని ప్రాణం తీస్తాయి.

తలనొప్పి, వాంతులు మొదలైతే పరువు పోతుందని దాచకు, వెంటనే చెప్పు, ఇంకా పైకి ఎక్కకు. నడక తూలినా, మాట తడబడినా అర్ధరాత్రయినా కిందికి దిగాల్సిందే. వేళ్లు తెల్లబడి స్పర్శ పోతే రుద్దొద్దు, మంట దగ్గర పెట్టొద్దు, చంకల్లో పెట్టుకో.

నడక మొదలయ్యే ఊరు సాంక్రీ, అది దాటాక ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. ఏ రోజు సాయంత్రం ఫోన్ చేస్తావో అమ్మకి ముందే చెప్పి వెళ్లు, వాతావరణం బాగోకపోతే ఒక రోజు ఆలస్యం కావచ్చని కూడా చెప్పు.

మామయ్య