లంక పొలంలో రెల్లు: రోటవేటర్ ఆపండి, కొమ్ముల్ని ఎండగట్టండి

ప్రశ్న: గోదావరి లంకలో మాకు రెండెకరాలుంది. వరదకు ఇసుక మేట వేయడంతో ఏడాదిపాటు బీడు పెట్టాం. చేనంతా రెల్లు కమ్మేసింది. వేసవిలో తగలబెట్టి, తొలకరికి రోటవేటర్ వేయించాం. ముందుకంటే ఒత్తుగా లేచింది. ఇప్పుడు పూత మీదుంది. చూస్తే చెరకులా ఉంది, ఇది చెరకు జాతేనా? గేదెలకు వేయొచ్చా? అరటి పెట్టాలంటే దీన్నెలా వదిలించుకోవాలి? ఏటి ఒడ్డున ఉన్నది కూడా తీసేయాలా?
– ఒక రైతు, కోనసీమ

జవాబు: ముందుగా ఒక దుబ్బును పలుగుతో పెళ్లగించి, మట్టి దులిపి చూడండి. నేలలో అడ్డంగా పాకిన, పెన్సిలంత లావు కొమ్ములు కనిపిస్తాయి. ఇవి వేళ్లు కావు, భూమిలో పెరిగే కాండాలు. వాటిమీద దగ్గరదగ్గరగా కణుపులు, ప్రతి కణుపునూ కప్పుతూ ఎండుగడ్డి రంగు పొర ఉంటాయి. ఆ పొరను గోటితో ఒలిస్తే లోపల తెల్లటి మొగ్గ ఉంటుంది. మీ చేలో రెల్లు పెరగడానికి కారణం ఆ మొగ్గే. రోటవేటర్ కొమ్మును చంపదు, రెండు మూడు కణుపుల ముక్కలుగా నరికి చేనంతా చల్లుతుంది. తొలకరి తడికి ఒక్కో ముక్కా ఒక్కో దుబ్బయింది. తగలబెట్టినప్పుడూ అంతే. మంట పై ఆకును కాల్చిందిగానీ కింది కొమ్ముకు సెగ తగల్లేదు. పైన పాత ఆకు పోయి ఎండ తగిలేసరికి పిలకలు ఇంకా జోరుగా లేచాయి.

మీరు చెప్పింది నిజమే, ఇది చెరకు సొంత ప్రజాతి మొక్క. శాస్త్రీయ నామం శాకరమ్ స్పాంటేనియమ్. కొన్నిచోట్ల కాకి చెరకు అని కూడా అంటారు. ఆకు మధ్య ఈనె తెల్లగా ఉంటుంది, అంచు రంపంలా కోస్తుంది. ఆకు మొదటి దగ్గర పత్రం సన్నబడి దాదాపు ఈనె ఒక్కటే మిగులుతుంది. రెల్లును పోల్చుకోవడానికి ఇదే మంచి గుర్తు. కొల్లేటి వైపు పెరిగే కిక్కిసకు ఆకు వెడల్పు, కాండం గుల్ల. దర్భగడ్డి పొట్టిది, దాని పూకంకి కొమ్మలు విచ్చుకోకుండా సన్నటి కుచ్చులా నిలబడుతుంది. రెల్లు కంకి విచ్చుకుంటుంది, ప్రతి చిన్న పువ్వు మొదట్లో దానికంటే రెండు మూడు రెట్లు పొడవైన పట్టులాంటి నూగు ఉంటుంది. గింజ గాలికి ఎగిరేది ఆ నూగు వల్లే.

దీని మొండితనం చెరకుకు మేలు చేసింది. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం మొదలైనప్పుడు బార్బర్, వెంకట్రామన్ అనే శాస్త్రవేత్తలు వెల్లై అనే లావు చెరకును ఈ రెల్లుతోనే సంకరం చేశారు. అలా వచ్చిన కో 205 రకం 1918లో ఉత్తర భారత రైతుల చేతికి అందింది. బెట్టనూ నీటి ముంపునూ తట్టుకునే గుణం కోసం ఈనాటికీ రెల్లునే వెతుకుతారు. ఆ గుణమే చేలో పడితే మనకు ఇబ్బంది. చెరకు తోటలో రెల్లు చేరితే మరీ కష్టం, చెరకుకు హాని లేకుండా రెల్లును మాత్రమే చంపే కలుపు మందు లేదు.

ఇక మీ చేను సంగతి. ఇప్పుడు పూత మీదుంది కాబట్టి నూగు ఎగరకముందే నేలబారుగా కోయించండి. గింజ చాలా చిన్నది, ఎక్కువకాలం బతకదు. కానీ వరద తీసిన తడి ఇసుక ఖాళీగా దొరికితే బాగా మొలుస్తుంది. లంకలో ఈ రోజుల్లో అలాంటి చోటుకు కొదవ ఉండదు.

వెంటనే దున్నకండి. వరద తేమ ఉన్న నేలలో ఏ పరికరంతో దున్నినా తెగిన ముక్కలు మళ్లీ నాటుకుంటాయి. ఫిబ్రవరి వరకు కోతతోనే దాన్ని నీరసింపజేయాలి. కొత్త పిలక మొదట్లో కొమ్ములో దాచిన పిండిపదార్థాన్ని తిని పెరుగుతుంది. నాలుగైదు ఆకులు విచ్చుకున్నాక తాను తయారుచేసిన ఆహారాన్ని తిరిగి కొమ్ముకు పంపుతుంది. అలా పంపడం మొదలుకాకముందే కోస్తే ప్రతిసారీ కొమ్ములోని నిల్వ ఖర్చవుతుందే తప్ప పెరగదు. అంటే పిలక మోకాలి ఎత్తుకు రాగానే, సుమారు మూడు వారాలకోసారి, నేలకు ఆనించి కోయాలి. ఒక్క కోత తప్పి నడుమెత్తు పెరగనిస్తే అంతకుముందు చేసిన పని చాలావరకు వృథా.

ఆ లేత కోతే మీ గేదెలకు మేత. చాఫ్ కట్టర్‌లో అంగుళం ముక్కలుగా కొట్టి, పిల్లిపెసర లాంటి పప్పుజాతి మేతతో కలిపి వేయండి. కంకి వేసిన గడ్డి గరుకెక్కి పీచు పెరుగుతుంది, పోషకం తగ్గుతుంది, పశువు సగం వదిలేస్తుంది. దాన్ని పాకల పైకప్పుకో, అరటి మొదళ్ల దగ్గర నేలను కప్పే మల్చింగుకో వాడుకోండి. అయితే గింజ పట్టిన కంకులు మల్చింగులోకి రానివ్వకండి.

మార్చిలో నేల బాగా ఆరాక రెక్క నాగలితో అడుగు లోతు దున్నించండి. కొమ్ములు ఎక్కువగా పై అడుగు, అడుగున్నరలో ఉంటాయి. బెడ్డల్ని పగలగొట్టకుండా 10–15 రోజులు ఎండలో వదలండి. తరవాత అడ్డంగా కల్టివేటర్ తోలి, పైకి తేలిన కొమ్ముల్ని మనుషులతో ఏరించండి. కూలి ఖర్చవుతుంది, అయినా ఈ పని మానొద్దు. మే లోపు ఇలా రెండు మూడుసార్లు చేయాలి. ఏరిన కొమ్ముల్ని గట్టు మీద పలచగా పరిచి, విరిస్తే ఫట్‌మని విరిగేదాకా ఎండనివ్వండి. వంగుతుంటే ఇంకా ప్రాణం ఉన్నట్టే. ఏట్లో పారేయకండి, వరదకు కొట్టుకుపోయి పక్క లంకలో నాటుకుంటాయి.

రసాయన మందు గురించి కూడా చెప్పాలి. గ్లైఫోసేట్ అనే కలుపు మందు వాడకంపై ప్రభుత్వ ఆంక్షలున్నాయి. ముందు మీ మండల వ్యవసాయ అధికారిని అడగండి, అనుమతి లేకపోతే ఆ ఆలోచన వదిలేయండి. అనుమతి ఉంటే, పైరు లేని చోట మాత్రమే, కోశాక అడుగున్నర, రెండడుగులు పెరిగిన పచ్చి ఆకు మీద లీటరు నీటికి 10 మి.లీ. చొప్పున గాలి లేని ఉదయం పిచికారీ చేయాలి. నీరు తేటగా ఉండాలి. గోదావరి ఎర్రనీటితో కలిపితే మందు మట్టి రేణువులకు అతుక్కుని పనిచేయదు. పిచికారీ తరవాత మూడు వారాలు దున్నకూడదు, ఎందుకంటే మందు ఆకునుంచి కొమ్ములోకి దిగాలి. ఒడ్డు దగ్గర అసలు కొట్టకండి. మందు పడిన గడ్డిని పశువులకు వేయకండి. మినుములో వాడే క్విజలోఫాప్ లాంటి గడ్డి మందులు రెల్లు లేత పిలకల్ని మాడుస్తాయి, ముదురు కొమ్మును మాత్రం చంపలేవు.

జూన్ తొలకరికి అక్కడక్కడా పిలకలు వస్తాయి. మూడు నాలుగు ఆకులున్నప్పుడే ఒక్కొక్కటీ పలుగుతో కొమ్ముతో సహా తీయండి. ఆ వెంటనే జీలుగ ఎకరాకు 12 కిలోలు చల్లండి. రెల్లుకు పూర్తి ఎండ కావాలి, నీడలో బలహీనపడుతుంది. ఒత్తుగా లేచిన జీలుగ కింద మిగిలిన పిలకలు పాలిపోతాయి. పైగా జీలుగ ముంపును బాగానే తట్టుకుంటుంది. వరద తీశాక కలియదున్ని అరటి నాటుకోవచ్చు. అరటి ఆకులు కలుసుకుని నీడ పడటానికి నాలుగైదు నెలలు పడుతుంది, అప్పటిదాకా వరుసల మధ్య పిలకలు తీయిస్తూ ఉండాలి. తొలి ఏడాది మినుము, మిరప లాంటి పొట్టి పైర్ల జోలికి పోవద్దు, వాటిని రెల్లు దాటిపోతుంది.

ఏటి ఒడ్డున ఉన్న రెల్లును మాత్రం తీయకండి. కొత్తగా పడిన ఇసుక దిబ్బ మీద ముందుగా నిలదొక్కుకునే మొక్కల్లో ఇదొకటి. దాని వేళ్లు, కొమ్ములు ఇసుకను అల్లుకుని కోతను తగ్గిస్తాయి. ఆకులు వరద వేగాన్ని తగ్గించి ఒండ్రును అక్కడే దించుతాయి. ఒడ్డు బోసిపోతే వచ్చే వరదకు పొలమే జారిపోవచ్చు. కనీసం పది మీటర్ల పట్టీ అలాగే ఉంచి, పూత సమయంలో కంకులు మాత్రం కోయించండి. ఆ పట్టీకీ చేనుకూ మధ్య రెండడుగుల లోతు కందకం తీయండి. వరదకు అది పూడుతుంది కాబట్టి ఏటా కార్తీకంలో ఇసుక ఎత్తిపోయించి, చేను వైపు పాకిన కొమ్ముల్ని నరికి, ముక్క మిగలకుండా ఏరి ఎండబెట్టండి.