ప్యానెల్ మీద వీడియో వేస్తే పిల్లలు సినిమాలాగా చూసి వదిలేస్తున్నారు, ఏం చేయాలి?

మీరు అడిగింది రెండు సంగతులు. వీడియో నడిచినంతసేపూ పిల్లలు కళ్లప్పగించి చూస్తారు, అయ్యాక ఏమడిగినా నోరు విప్పరు, ఎందుకు? దీనికి ఏ యాప్ మంచిది? నేను ఆదోని వైపు ఒక జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా క్లాసులోనూ గోడకు ఆ పెద్ద టచ్ తెర, అదే ప్యానెల్, ఉంది. యాప్ గొడవ తర్వాత చూద్దాం, ముందు పాజ్ బటన్ సంగతి.

వీడియోలో జవాబు వచ్చేలోపే ఆపేసి, పిల్లల చేత ఏదో ఒక జవాబు నోట్సులో రాయించండి. తప్పయినా పర్వాలేదు, పెన్నుతో రాయాలి. మనసులో అనుకోమంటే కుదరదు. జవాబు తెర మీద కనబడగానే "నేనూ అదే అనుకున్నా సార్" అని క్లాసంతా చేతులెత్తుతుంది.

నేను తొమ్మిదో తరగతి గురుత్వాకర్షణకు వాడేది నాసా వీడియో. 1971లో అపోలో 15లో వెళ్లిన డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని ఒకేసారి వదులుతాడు. సుత్తి కిలోంబావు పైనే, ఈక 30 గ్రాములు. ఆయన రెండు చేతులూ పైకెత్తేదాకా వేసి ఆపేస్తాను. ఏది ముందు పడుతుంది? రాయండి.

"సుత్తే ముందు పడతాది సార్, బరువుంది కదా" అని సగం మంది. ఇది నేను ఎదురుచూసే జవాబే. ఎదురుచూడనిది వెనక బెంచీ నుంచి వస్తుంది: "ఆడ గాలి లేదు కదా సార్, రెండూ తేల్తాయి." గాలి లేకపోతే ఆకర్షణ కూడా ఉండదని చాలామంది పిల్లల లెక్క. వీడియోను ఆపకుండా వేసుకుంటూ పోతే ఈ లెక్క వాళ్ల బుర్రలో అట్లే ఉండిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. అప్పుడు నేనేమీ చెప్పను. పక్క బెంచీ వాడే అందుకుంటాడు: "తేలితే ఆ మనిషి ఎట్ల నిలబడినాడు రా?" ఇద్దరు ముగ్గురు నోట్సులో కొట్టేసి మళ్లీ రాస్తారు. ఆ గొడవను కాసేపు సాగనిచ్చి అప్పుడు ప్లే నొక్కుతాను. రెండూ కలిసి నేల మీద పడగానే వచ్చే అరుపులకు పక్క క్లాసు మేడం తొంగి చూస్తారు. నా అసలు పాఠం అక్కడ మొదలవుతుంది.

ఇది నా సొంత తెలివేమీ కాదు. ఇప్పుడు వెరిటాసియం అనే యూట్యూబ్ ఛానల్ నడిపే డెరెక్ మల్లర్ 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి తేల్చిన విషయం ఇదే. భౌతికశాస్త్రం వీడియోలను రెండు రకాలుగా చేసి చూపించాడు. చక్కగా, సూటిగా వివరించినవి చూసినవాళ్లు బాగా అర్థమైందన్నారు, మార్కులు మాత్రం పెద్దగా పెరగలేదు. తప్పుడు ఊహలను ముందుకు తెచ్చి వాటి మీద వాదన పెట్టిన వీడియోలు చూసినవాళ్లు గందరగోళంగా ఉన్నాయన్నారు, కానీ మార్కులు వాళ్లకే ఎక్కువ పెరిగాయి. "అర్థమైంది సార్" అనే మాటను నేను అప్పటి నుంచి నమ్మడం మానేశాను.

నిడివి విషయం. ఎడెక్స్ అనే వెబ్‌సైట్‌లోని ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల సార్లు వీడియోలు చూసిన రికార్డులను తిరగేసి 2014లో ఒక పరిశోధన వచ్చింది. ఆరు నిమిషాల లోపు వీడియోలకే జనం నిలబడుతున్నారని అందులో తేలింది. వాళ్లు కావాలని చేరి చూసినవాళ్లు. మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చే పీరియడ్‌లో మన పిల్లలకు మూడు నిమిషాలే ఎక్కువ.

ఇంకొకటి గట్టిగా చెబుతాను. బల్ల మీద చేసి చూపించగలిగినదానికి వీడియో వేయకండి. పదో తరగతిలో కార్బొనేటు మీద ఆమ్లం పడితే కార్బన్ డయాక్సైడ్ వస్తుందనేదానికి కూడా కొందరు వీడియో వేస్తున్నారు. మన వైపు బేతంచెర్ల నాపరాయి ముక్క ఏ ఇంటి ముందైనా దొరుకుతుంది, అది సున్నపురాయే. ల్యాబ్‌లోని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం నాలుగు చుక్కలు నేనే వేస్తాను, పిల్లల చేతికివ్వను. బుసబుసా నురగ వస్తుంది. "బాత్రూం యాసిడ్ పడి మా ఇంట్లో బండ తెల్లగా అయిపోయింది సార్" అని ఎవరో ఒకరు అననే అంటారు.

బెలుం గుహల వీడియో దాని తర్వాతే. ఇది చేత్తో చూపించలేనిది కదా. గుహ లోపలి దారి, పైనుంచి దిగిన రాళ్లు చూపించి ఆపేసి ఒకటే ప్రశ్న: ఈ రాయి మీద యాసిడ్ పోసిందెవరు? క్లాసు నిశ్శబ్దం అయిపోతుంది. వానలో, మట్టిలో కార్బన్ డయాక్సైడ్ కలుపుకున్న నీళ్లు బలహీనమైన ఆమ్లమవుతాయని, లక్షల ఏళ్లు పారి సున్నపురాయిని కరిగించాయని వాళ్లంతట వాళ్లు రాబట్టడానికి ఒక్కోసారి పీరియడ్ అంతా పడుతుంది. పట్టనివ్వండి. బేతంచెర్ల, బెలుం రెండూ 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నాయి గానీ మా పిల్లలకు ఇంకా అవి కర్నూలువే.

సౌండ్ ఆపేయండి. ఇంగ్లిష్ యాస పట్టుకోవడంలోనే పిల్లల శక్తంతా పోతుంది. మొదటిసారి మూగగా వేసి మన తెలుగులో మాట్లాడాలి, ఇంగ్లిష్ కావాలనుకుంటే రెండోసారి సౌండ్‌తో. ఇంక నెట్‌ను నమ్ముకుని క్లాసులోకి పోకండి. ముందురోజే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ప్రభుత్వం వాళ్ల దీక్షా యాప్‌లోని పాఠాలు కూడా ముందే దించుకోవచ్చు. సరిగ్గా ప్రశ్న అడిగే చోట నగల దుకాణం యాడ్ వస్తే క్లాసు మళ్లీ చేతికి రాదు.

ఇప్పుడు యాప్‌లు. ఎడ్‌పజిల్, హెచ్5పీ లాంటివాటిలో వీడియో మధ్యలో ప్రశ్నలు పెట్టొచ్చు, జవాబిచ్చేదాకా వీడియో ముందుకు పోకుండా చేయొచ్చు. మంచివే, కానీ పిల్లవాడికొక ట్యాబో కంప్యూటరో ఉన్నచోటే వాటికి అర్థం. మాకు పనికొచ్చింది ప్లికర్స్. పిల్లలకు కాగితం కార్డులే, ఫోన్ టీచరుకు ఒక్కటే. కార్డు మీద నలుపు తెలుపు గుర్తు ఉంటుంది, ఏ వైపు పైకి పెట్టి పట్టుకుంటే ఆ అక్షరం జవాబు. ఫోన్ కెమెరాను క్లాసు మీదుగా తిప్పితే ఎవరు ఏం చెప్పారో పడిపోతుంది. పక్కవాడి జవాబు కార్డు చూసి పోల్చుకోలేరు కాబట్టి కాపీ కొట్టడం కష్టం. ప్రింటు తీసి పాత పెళ్లి కార్డుల వెనక అంటించాం, చిరగకుండా ఉన్నాయి.

కరెంటు పాఠాలకు కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే కదిపి చేసే ప్రయోగాలు, వాడండి, తెలుగులోనూ ఉన్నాయి. అందరూ ప్యానెల్ మీద పడకుండా ఒక నియమం పెట్టాను: ప్యానెల్ దగ్గరున్న వాడు మాట్లాడకూడదు, కూర్చున్నవాళ్లు చెప్పిన తీగే కలపాలి. ముందు వరుస మగపిల్లలే పరుగెత్తుకొస్తారు, కాబట్టి పేరు పెట్టి పిలవండి.

సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోయే పిల్లల సంగతి మీరు అడగలేదు గానీ, మా దగ్గర పెద్ద బాధ అదే. మిరపకాయల కోతకు అమ్మానాన్నలతో గుంటూరు వైపు వెళ్తే నెలల తరబడి బడి ఉండదు. వాళ్ల నాన్నల వాట్సాప్‌కు ముందు ప్రశ్న మాత్రం వాయిస్ మెసేజ్‌గా పంపుతాను. జవాబు వచ్చాకే వీడియో, అదీ సైజు బాగా తగ్గించి. పనయ్యి ఫోన్ పిల్లల చేతికొచ్చేది రాత్రికే, ఆ వేళకు డేటా ఉంటే ఉన్నట్టు. అందరూ జవాబివ్వరు. ఇచ్చినవాళ్లు తిరిగొచ్చాక క్లాసులో మరీ బిక్కుబిక్కుమంటూ కూర్చోవడం లేదు.

మీది ఏ సబ్జెక్టో రాయలేదు. లెక్కలైతే నా దగ్గర పెద్దగా సరుకు లేదు. మా లెక్కల సార్ ప్యానెల్‌ను నల్లబల్లలాగే వాడతారు, ఒక్క వీడియో కూడా వేయరు, ఆయన క్లాసులో మాత్రం ఎవరూ కునుకు తీయరు.