పల్లవి కోసం ఎంతసేపు ఆగాలి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న (ఇంజనీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం): మా బ్యాండ్‌లో అయిదుగురం. మెలోడిక్ రాక్ (ట్యూనుకి పెద్దపీట వేసే రాక్ సంగీతం) చేయాలని ఆశ. ట్యూను ఒక్క గిటారు మీద పాడుకుంటే బాగానే ఉంటుంది, అందరం కలిసి వాయించేసరికి గోల గోల అయిపోతుంది. తేడా ఎక్కడ కొడుతోంది?

జవాబు: ఒక్క గిటారుతో బాగుందంటే ట్యూనులో లోపం లేదు, దాన్ని కదపొద్దు. అయిదుగురూ మొదటి సెకను నుంచి ఆఖరి దాకా వాయించేస్తున్నారని నా అనుమానం. ఎవరు ఎప్పుడు ఊరుకోవాలో తేల్చుకోవడమే అరేంజ్‌మెంట్‌లో (ఏ వాయిద్యం ఎక్కడ ఏం వాయించాలో కూర్చడంలో) సగం పని, కానీ వాయించడం వచ్చినవాణ్ణి ఊరుకోమనడం ఎంత కష్టమో మీకు తెలిసే ఉంటుంది.

జర్నీ అనే అమెరికన్ బ్యాండ్ 1981లో చేసిన 'డోంట్ స్టాప్ బిలీవిన్' పాట పెట్టుకుని, మాటలు వదిలేసి, ఏ వాయిద్యం ఎక్కడ వస్తోందో కాగితం మీద రాసుకుంటూ వినండి. ముందు జోనథన్ కేన్ పియానో. దాని మీద స్టీవ్ పెర్రీ గొంతు. కాసేపయ్యాక నీల్ షాన్ గిటారు, అది కూడా ఒక్కసారిగా మీద పడదు, గబగబా మీటుతున్న స్వరాలు వినీ వినపడనట్టు మొదలై మెల్లమెల్లగా పైకి వస్తాయి.

మన సినిమా పాటల్లో పల్లవి ముందే వచ్చేస్తుంది, చరణం అయ్యాక మళ్ళీ దానికే తిరిగొస్తాం. ఇక్కడ పాట పేరు వినిపించే పల్లవి, నాలుగు నిమిషాల పైచిలుకు పాటలో మూడు నిమిషాలు దాటాక గానీ రాదు! అంతసేపు జనం విసుక్కోకుండా ఎలా ఆగుతున్నారంటే, ప్రతి మలుపులోనూ ఏదో ఒకటి కొత్తగా చేరుతూనే ఉంటుంది. ఇంకో తెలివైన పని, గొంతు పల్లవి అందుకోకముందే గిటారు ఆ బాణీని సోలోలో (అది ఒక్కటే ముందుకొచ్చి వాయించే చోట) వాయించేస్తుంది, అందుకే పెర్రీ పాడేసరికి అది మనకు తెలిసిన ట్యూనే అనిపిస్తుంది. ట్యూను కింద వాయించే కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) కూడా మొదట్లో పియానో వాయించినవే: ఈ, బీ, సీ షార్ప్ మైనర్, ఏ. ఆ పల్లవి మాట కేన్‌కి వాళ్ళ నాన్న ధైర్యం చెబుతూ అన్నదట, కేన్ దాన్ని బ్యాండ్ దగ్గరికి తెస్తే మిగతాది అందరూ కలిసి కట్టారు. రచయితలుగా కేన్, పెర్రీ, షాన్ ముగ్గురి పేర్లూ ఉన్నాయి.

మీరు చేయాల్సింది చిన్నదే. వచ్చే ప్రాక్టీసులో మొదటి చరణం ఒకే వాయిద్యంతో పాడండి, బేస్ గిటారు, డ్రమ్స్ రెండో చరణానికి రానివ్వండి. మీ లీడ్ గిటారిస్టు అలిగితే (అలుగుతాడు) పల్లవికి ముందు సోలో ఇచ్చి, అందులో పల్లవి బాణీ వాయించమనండి.

ప్రశ్న (హైదరాబాద్): ఇంట్లో లాప్‌టాప్ మీద రికార్డు చేస్తున్నాను. పల్లవి పల్చగా వస్తోంది. గిటారు ట్రాకును కాపీ చేసి రెండుసార్లు పెట్టినా లాభం లేదు.

జవాబు: కాపీ చేస్తే సౌండ్ పెరుగుతుంది, అంతే. మళ్ళీ కొత్తగా వాయించి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పెట్టండి. రెండు టేకుల మధ్య ఉండే చిన్న చిన్న తేడాలే నిండుదనం తెస్తాయి. బాస్టన్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ 1976లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌లో చాలా భాగాన్ని టామ్ షోల్జ్ తన ఇంటి బేస్‌మెంట్‌లోనే రికార్డు చేశాడు, అప్పటికి ఆయన పోలరాయిడ్ కంపెనీలో ఇంజనీరు. అందులో గుంపుగా వినిపించే గొంతులు బ్రాడ్ డెల్ప్ ఒక్కడివే, మళ్ళీ మళ్ళీ పాడి ఒకదాని మీద ఒకటి పేర్చినవి. లాప్‌టాప్ లేని రోజుల్లో, టేపు మీద. మీకేం తక్కువ?

ప్రశ్న (డాలస్, అమెరికా): ఆఖరి పల్లవికి స్కేల్ (శ్రుతి) పెంచితే బాగుంటుందా, పాత ట్రిక్కులా ఉంటుందా?

జవాబు: పాతదే, కానీ ఇప్పటికీ పనిచేస్తుంది. సాధారణంగా అర మెట్టో (పియానో మీద ఒక మీట నుంచి దాని పక్క మీటకి ఉండే దూరం), ఒక మెట్టో పెంచుతారు. బాన్ జోవి అనే అమెరికన్ రాక్ బ్యాండ్ 1986లో 'లివిన్ ఆన్ ఎ ప్రేయర్'లో ఒకేసారి మూడు అర మెట్లు పైకెళ్ళారు, జీ నుంచి బీ ఫ్లాట్‌కి. దానికి ముందు బార్‌లో (తాళంలో ఒక చుట్టు) ఒక బీట్ కోసేశారు కూడా, కాబట్టి పల్లవి మనం అనుకున్నదాని కంటే ముందే వచ్చి పడుతుంది, ఆ ఊపులో అంత ఎత్తు పెరిగిందని చాలామంది గమనించరు. మీరు చేయాలనుకుంటే మాత్రం లెక్క వెనక నుంచి వేయండి: ఆఖరి పల్లవిలో అన్నిటికన్నా పై స్వరం మీ గాయకుడికి స్టేజీ మీద, పది పాటలయ్యాక కూడా అందాలి, దాన్నిబట్టి పాట మొదలయ్యే స్కేల్ పెట్టుకోండి. అలా దించాక చరణంలో కింది స్వరాలు మూలుగులా వస్తుంటే, స్కేల్ మార్పు మానేసి ఆఖరి పల్లవికి పైన రెండో గొంతు చేర్చండి, చాలు.