సమాధానం: భవానీపురం డాబా మీంచి కనిపించే వెలుగు శుక్రుడే

అన్నా, వారంగా పొద్దుగూకగానే మీకు పడమట కనిపిస్తున్న వెలుగు గ్రహాంతరవాసుల ఎగిరే పళ్లెమా అని అడిగారు. కాదు, అది శుక్రుడు. తెల్లారుజామున వస్తే మనవాళ్లు వేగుచుక్క అనేది దీన్నే. బ్యారేజీ మీద మీ బండి వెంట వచ్చిందన్నారు. చందమామ రాడూ? అంత దూరంలో ఉన్నవి వెంట వస్తున్నట్టే అనిపిస్తాయి మరి. ఎరుపూ ఆకుపచ్చా మెరవడం గాలి పని. ఫోన్ జూమ్‌లో పళ్లెంలా కనిపించింది ఫోకస్ తప్పి.

ఈ సాయంత్రం వాటర్ ట్యాంకుకి వీపు ఆనించి, చుక్కని కరెంటు తీగకి సూటిగా పెట్టుకుని పది నిమిషాలు చూడండి. తీగ దాటి మెల్లగా కిందికి జారుతుంది, సూర్యుడిలాగే. రాత్రి పదిన్నరకీ అక్కడే ఉంటే అప్పుడు నన్ను తిట్టండి.

పొరబడ్డందుకు సిగ్గెందుకు? లద్దాఖ్‌లో మన సైనికులే శుక్రుణ్ణీ గురుణ్ణీ చైనా డ్రోన్లనుకున్నారని 2013లో వార్తలొచ్చాయి.