మన చెవులపిల్లికి బొరియ ఉండదు

తమ్మీ,

నీ కథ రాత్రే చదివాను. బాగుంది గానీ, మూడో పేజీలో చెవులపిల్లి పిల్లలతో సహా బొరియలోంచి బయటికొచ్చి ఎండ కాచుకుందని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. మన చెలకల్లో తిరిగే చెవులపిల్లి, అదే అడవి కుందేలు, బొరియ తవ్వదు. గడ్డిలో తన ఒళ్లు పట్టేంత జాగా అణచుకుని పగలంతా ఒక్కతే అందులో కూర్చుంటుంది, చీకటి పడ్డాక మేతకు లేస్తుంది. దాని పిల్లలు పుట్టేటప్పుడే ఒంటి మీద బొచ్చుతో, కళ్లు తెరిచి పుడతాయి. బొరియల్లో గుంపుగా బతికేది యూరప్ కుందేలు, మన దగ్గర బోనుల్లో పెంచే తెల్లవాటి మూలం అదే. నువ్వు దాన్ని కార్టూన్లలో చూసి ఉంటావు.

నేనూ తక్కువేం కాదు. మొదట్లో పందికొక్కుల మీద ఒక కథ రాశాను, నర్సంపేట దిక్కు వరి పొలం, ఒకే బొరియలో తాత, మనుమలు, పెళ్లి, పేరంటం అన్నీ పెట్టేశాను, అది అచ్చయింది కూడా! మా ఊరి రైతు ఒకాయన చదివి "ఒక బొరియల ఒక్కటే ఉంటది సారూ, పిల్లలతల్లి అయితే తప్ప" అన్నాడు. అంతటితో వదల్లేదు, ఒడ్డు మీదికి తీసుకెళ్లి చూపించాడు. పందికొక్కు లోపలుంటే బొరియ నోరు కొత్త మట్టితో మూసి ఉంటుంది. తవ్వితే లోపల అది కొరికి దాచుకున్న వరి గొలుసులు. అంత కష్టపడి దాచి, తలుపేసుకుని ఒక్కతే కూర్చున్న జీవిని వదిలేసి నేను పేరంటం రాశాను.

ఉడుతల సంగతీ అంతే. వేపచెట్టు కింద పిల్లి కనబడితే ఉడుత తోక ఎగరేస్తూ ఆగకుండా అరుస్తుంది, అది విని పక్క కొమ్మ మీదిది కూడా కదలకుండా అతుక్కుపోతుంది. కాసేపటి కింద ఆ రెండే గింజ కోసం తరుముకున్నాయి. నువ్వు "స్నేహితుణ్ని హెచ్చరించింది" అని రాశావు. స్నేహం సంగతి మనకెందుకు, ఆ అరుపు రాయి, ఆ అతుక్కోవడం రాయి.

ఇంకోటి, "పరుగెత్తింది" అన్న మాట పదకొండు సార్లు వాడావు, లెక్కపెట్టాను. ముంగిస కంచె నీడ పట్టుకుని నేలకు రాసుకుంటూ పోతుంది, మధ్యలో వెనక కాళ్ల మీద లేచి చూస్తుంది. (అది ఎదురొస్తే మంచి శకునమని మా అమ్మ పని ఆపి మరీ నిలబడేది. నిలబడి చూడటం నాకు అట్లా అబ్బింది.) ఉడుత తల కిందికి పెట్టి మాను దిగుతుంది, ఆగుతుంది, మళ్లీ దిగుతుంది. చెవులపిల్లి నీ కాలు మీద పడబోయేదాకా కదలదు, లేచిందంటే ఇక తిన్నగా పోదు, అన్నీ మలుపులే.

దీనికోసం పాకాల అడవి దాకా పోనక్కర్లేదు, ఉడుతకు భద్రకాళి చెరువు కట్ట చాలు, పొద్దున ఫోన్ జేబులో పెట్టుకుని ఓ గంట కూర్చో.

తిరగరాసి పంపు. ఐదో పేజీలో అవ్వ సద్ది మూట విప్పుతుంటే ఉడుత రెండడుగులు వచ్చి, ఆగి, ముందరి కాలు ఒకటి ఎత్తి పట్టుకుని చూసింది అన్నావే, దాన్ని మాత్రం ముట్టుకోకు.